ప్రొటీన్ తోక ఎక్కడుందో ట్రిప్సిన్‌ని అడగండి

ప్రియమైన పిల్లలూ,

ప్రొటీన్ ఆకారం ఎక్స్-కిరణాలతో చూడాలంటే ముందు దాన్ని స్ఫటికం కట్టించాలి. ప్రొటీన్ స్ఫటికం అంటే ఒకే రకం ప్రొటీన్ అణువులు ఇటుకల్లా బారులు తీరడం. ప్రతి ఇటుకకీ ఓ కొబ్బరితాడు వేలాడుతూ, ఒక్కోటి ఒక్కో దిక్కుకి పడి ఉంటే గోడ లేస్తుందా? చాలా ప్రొటీన్లు స్ఫటికం కట్టకుండా మొరాయించేది ఇందుకే. చివర్లలోనో, మధ్యలో ఏ లూపులోనో కుదురులేని భాగం ఉంటుంది. స్ఫటికం కోసం ఉప్పులూ పీఈజీలూ (పాలిఇథిలీన్ గ్లైకాల్‌లు) మారుస్తూ వందల ప్రొటీన్ చుక్కలు పెట్టే ముందు ఆ భాగాన్ని పట్టుకోండి.

ప్రొటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌లో ఊహించే ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే నమూనాలో ప్రతి అమైనో ఆమ్లానికీ 100కి ఇన్ని అని నమ్మకం మార్కులుంటాయి. వరసగా 50 లోపు పడ్డ చోటును అనుమానించాలి. అనుమానమే సుమా! తేల్చేది ట్రిప్సిన్, అంటే ప్రొటీన్లని కోసే ఎంజైము. గొలుసు వదులుగా సాగి తన నోటికి అందితేనే అది కొరకగలదు, గట్టిగా మడుచుకున్న చోట పన్ను దిగదు.

మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము ఉన్న ప్రొటీన్ 100 మైక్రోలీటర్లు తీసుకోండి. 10 మైక్రోలీటర్లు ముందే పక్కన పెట్టుకోండి, అది సున్నా నిమిషం నమూనా. మిగతాదాంట్లో 0.1 మైక్రోగ్రాము ట్రిప్సిన్, అంటే సుమారు వెయ్యోవంతు, కలపండి. 5, 15, 30, 60, 120 నిమిషాలకి పదేసి మైక్రోలీటర్లు తీసి, ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థం ఉన్న జెల్ బఫర్‌లో కలిపి వెంటనే 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచండి. అన్నీ పోగయ్యాక ఒకేసారి మరిగిద్దాంలే అనుకుంటే కొంప మునుగుతుంది. ఎస్‌డీఎస్ మీ ప్రొటీన్‌ని విప్పేస్తుంది, ట్రిప్సిన్ మాత్రం అంత త్వరగా చావదు. విప్పిన గొలుసును హాయిగా నమిలేస్తుంది, జెల్ మీకు అబద్ధం చెబుతుంది.

జెల్ ముక్కల్ని సైజును బట్టి పట్టీలుగా విడదీస్తుంది. అందులో పెద్ద పట్టీ కరుగుతూ, 15 నుంచి 120 నిమిషాల దాకా కదలకుండా నిలిచిన చిన్న పట్టీ కనిపిస్తే అదే గట్టి గింజ. 5 నిమిషాలకే అంతా మాయమైతే ట్రిప్సిన్‌ని ఇప్పుడు వేసినదాంట్లో పదోవంతుకి తగ్గించండి, లేదా మంచు మీద చేయండి. ఏమీ తెగకపోతే ప్రొటీన్‌లో వందోవంతుకి పెంచండి. అప్పటికీ తెగలేదని ప్రొటీన్ గట్టిదే అనుకోకండి. ట్రిప్సిన్ లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల పక్కనే కోస్తుంది, వదులు భాగంలో అవి లేకపోతే దానికి పనేముంది? వేరే చోట్ల కోసే ఎంజైములు కైమోట్రిప్సిన్‌తోనో సబ్టిలిసిన్‌తోనో మళ్లీ చేయాలి.

ముక్క కచ్చితమైన బరువు మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుంది. దానికిచ్చే నమూనాని ఆమ్లంతో ఆపండి, ఎస్‌డీఎస్ వద్దు.

ఇక్కడో మెలిక ఉంది. సబ్టిలిసిన్, ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమైన రైబోన్యూక్లియేజ్ ఎ ని 20, 21 అమైనో ఆమ్లాల మధ్య కోస్తుంది. ముక్కలు రెండూ విడిపోవు, అతుక్కునే ఉండి పని కూడా చేస్తాయి. జెల్‌లో రెండు పట్టీలు కనిపించాయని ఒకదాన్ని పారేయకండి. ప్రొటీన్‌ని విప్పకుండానే సైజును బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్‌లో కలిసే వస్తున్నాయేమో చూడండి.

డీఎన్‌ఏకి నకలు తీసే ఎంజైము డీఎన్‌ఏ పాలిమరేజ్ 1 లో ఇలా కోసి మిగిల్చిన క్లెనో ముక్క నిర్మాణం 1985లో తేలింది. మధ్య లూపు అడ్డొస్తే మాత్రం కోసి ఊరుకోలేం. 2007లో, కణం పొరలో ఉండి అడ్రినలిన్‌ని పసిగట్టే బీటా 2 అడ్రినర్జిక్ గ్రాహకంలో మూడో లోపలి లూపు తీసి, ఆ చోట టీ4 లైసోజైమ్ అనే గట్టి ప్రొటీన్‌ని అతికించారు, పొడుగాటి తోకనీ కత్తిరించారు. అప్పుడు కట్టింది స్ఫటికం.

జన్యువులోనే తోక కోసేటప్పుడు ఒకే చోట పందెం కాయకండి. మూడు నాలుగు అమైనో ఆమ్లాల తేడాతో అయిదారు రకాలు చేయించండి. మరీ లోపలికి కోస్తే దాగిన నూనె స్వభావపు భాగం బయటపడి, ప్రొటీన్ కణంలోనే ముద్దకడుతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య