సంగటి తెల్లబడినప్పటి నుంచి: పీచు లెక్క వెనక కథ

రోజుకి పీచు ఎన్ని గ్రాములు తినాల అనే పంచాయితీ మా అనంతపురంలో మళ్ళీ లేచింది. టౌన్‌లో డాక్టరు 25 చాలంటాడు, అమెరికాలో ఉండే కొడుకు ఫోన్ చేసి నాన్నా మగవాళ్ళకి 38 అంటాడు, పక్కింటాయనేమో హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 30 చెప్పినారంటాడు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) 2023లో పెద్దవాళ్ళకి కనీసం 25 అనింది, అమెరికా లెక్క వెయ్యి కేలరీలకి 14, మగవాళ్ళు తినే తిండికి అది 38 దాకా వస్తుంది, మనోళ్ళది 2000 కేలరీలకి 30.

నన్నడిగితే మన సీమకి సంబంధించి అసలు మలుపు 1983, సర్కారు ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం. అంతకుముందు మా అవ్వ వాళ్ళింట్లో వరన్నం అంటే పండగే, మామూలు రోజుల్లో కొర్రన్నం, జొన్నరొట్టె, రాగిసంగటి. అప్పటికే చేలల్లో కొర్ర పోయి శనక్కాయ వచ్చేసింది, పైన ఈ బియ్యం, ఇంక కొర్రలు దంచుకునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి. ఆ బియ్యం లేకుంటే కరువుల్లో ఏమైపోయేవాళ్ళమో అంటాడు మా నాయన, అదీ నిజమే.

కానీ లెక్క చూడండి, వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాముల పైనే, పాలిష్ బియ్యంలో 3 కూడా రాదు. అంటే సంగటికి 150 గ్రాములు రాగిపిండే అయితే దాదాపు 17, అదే వంద బియ్యం యాభై పిండి కలిపితే 8 చిల్లర. అప్పుడు ఎవరూ గ్రాములు లెక్కపెట్టలేదు, అవసరమే రాలేదు.

ఇసబ్గోల్ (పీచు పొట్టు) కలుపుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు, మలబద్ధకానికి అది పనిచేస్తుంది, కాదనను. కానీ డబ్ల్యూహెచ్ఓ ఆ 25 చెప్పింది తిండిలో సహజంగా ఉండే పీచు గురించి. ఇంకోటి, ఉన్నట్టుండి పెంచితే కడుపు ఉబ్బరం, మెల్లగా పెంచాల, ఈ ఎండల్లో నీళ్ళు బాగా తాగాల.

మొన్న బస్టాండు దగ్గర హోటల్లో రాగిసంగటి చెప్పినా. ముద్ద తుంచితే లోపలంతా అన్నం మెతుకులే, పిండి రంగుకి వేసినట్టుంది. ఇదేందన్నా అంటే, మెత్తగా లేకుంటే ఎవరూ తినట్లేదన్నా అన్నాడు సర్వరు, ఇంకో గరిటె పప్పు వేసి పోయినాడు.