గుత్తి కావలసిన నులితీగ

ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంలో ఒక కుటుంబం తరతరాలుగా సాగు చేసుకుంటున్న వైన్ ద్రాక్షతోటను జనవరిలో చూసి వచ్చిన శామీర్‌పేట పాఠకురాలు ఒకరు ఇలా అడిగారు: "అక్కడ ఏడాదికి ఒక్కసారే, అదీ చలికాలంలో, తీగను కత్తిరిస్తారండీ. మా నాన్నగారు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిరిని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి కత్తిరించేవారు. ఏప్రిల్ కత్తిరింపుతో కాయ రాదు కదా, మరి ఆ శ్రమంతా దేనికి?"

వాతావరణం వేరు కాబట్టి అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నకు అసలు జవాబు మొగ్గ లోపల ఉంది.

లేత ద్రాక్ష కొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. ఆకు తొడిమ మొదట్లో మొగ్గ ఉంటుంది. దానికి సరిగ్గా అవతలి వైపున గుత్తి గాని, ఆసరాను చుట్టుకునే నులితీగ గాని కనిపిస్తుంది. నులితీగ అంటే కాండ రూపాంతరం అని పరీక్షల కోసం బట్టీ పట్టించి మన పాఠాలు అక్కడితో ఆగిపోతాయి గాని, ద్రాక్షలో నులితీగ, గుత్తి రెండూ ఒకే అవయవం పట్టే రెండు దారులు. మొగ్గలో మొదట సూక్ష్మదర్శినికి మాత్రమే అందే చిన్న బుడిపె పుడుతుంది. సైటోకైనిన్ అనే హార్మోను సమృద్ధిగా అందితే అది చీలికలు చీలికలుగా కొమ్మలేసి పూగుత్తి అవుతుంది. జిబ్బరెల్లిన్ అనే మరో హార్మోను ప్రభావం ఎక్కువైతే సన్నగా సాగి నులితీగ అవుతుంది. అందుకే అప్పుడప్పుడు ఒక చేత్తో తీగను చుట్టుకుని, మరో చేత నాలుగు కాయలు మోసే సగం సగం అవయవాలు కూడా పందిట్లో కనిపిస్తాయి.

దీనికి జన్యు సాక్ష్యం షాంపేన్ తోటల్లో పెరిగే ఒక రకంలోనే దొరికింది. అక్కడ పండించే పినో మ్యూనియే రకం లేత ఆకులు పిండి చల్లినట్టు తెల్లగా ఉంటాయి కాబట్టే ఫ్రెంచిలో దానికి పిండిమర యజమాని అని పేరు. ఆ తెల్లని నూగుకు కారణమైన జన్యుమార్పు మొక్క పైపొర కణాల్లో మాత్రమే ఉంటుంది. ఆ పైపొర నుంచే మొక్కలను పెంచి చూసిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పాల్ బాస్, మార్క్ థామస్‌లకు మరుగుజ్జు తీగలు వచ్చాయి. నులితీగలు ఉండవలసిన చోటల్లా వాటికి గుత్తులు వేలాడాయి. 2002లో వారు వివరించిన ప్రకారం, జిబ్బరెల్లిన్ వచ్చినప్పుడు తప్పుకోవలసిన కాపలా ప్రోటీను ఒకటి ఈ మొక్కల్లో కదలకుండా కూర్చుని, జిబ్బరెల్లిన్ మాట సాగనివ్వదు. 1960వ దశకంలో హరిత విప్లవం తెచ్చిన పొట్టి గోధుమల్లో మారినదీ ఇదే కోవకు చెందిన జన్యువు!

ఇక కత్తిరింపు సంగతి. షాంపేన్‌లో ఈ జూన్‌లో మొగ్గలో పడిన బుడిపె చలికాలమంతా నిద్రపోయి, వచ్చే జూన్‌లో పూస్తుంది. మన దగ్గర తీగకు నిద్రపుచ్చే చలి లేదు. అందుచేత రైతు ఏప్రిల్‌లో కత్తిరించి కొత్త కొమ్మలు పుట్టిస్తాడు. ఆ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల్లో, మబ్బులు కమ్మకముందే, మే-జూన్ ఎండలో ఆ కొమ్మల మొగ్గల్లో గుత్తులు పడతాయి. ఆ దశలో ఆకులు దట్టంగా కమ్మి నీడ పడితే మొగ్గలు గొడ్డుపోతాయి. అక్టోబరులో ఆ కొమ్మలనే కత్తిరించి మొగ్గలను లేపితే, వానలు వెనకబట్టాక పూత వచ్చి, ఫిబ్రవరి-మార్చి పొడి ఎండలో పండు తీపెక్కుతుంది. ఏప్రిల్ కత్తిరింపుతోనే కాపు తీసుకోవాలని ఆశపడితే పండే వేళకు వానలు పట్టుకుంటాయి. కాయ పగులుతుంది, కుళ్లుతుంది.

ఫ్రాన్సులో చంద్రకళలు చూసి కత్తిరించే కుటుంబాలున్నాయి, మన దగ్గర తిథి చూసేవారున్నట్టే. చంద్రుడి సంగతి నేను నమ్మను గాని, ఎండ సంగతి మాత్రం మొగ్గను కోసి చూపించవచ్చు.

ఒక విచిత్రం కూడా చెప్పాలి. ఏప్రిల్ కత్తిరింపు తరువాత ఐదారు ఆకుల దశలో రైతులు చల్లే సైకోసెల్ మందు తీగలో జిబ్బరెల్లిన్ తయారీని అణచి, బుడిపెలను గుత్తుల వైపు మళ్లిస్తుంది. అదే రైతు కొన్ని నెలల తరువాత థాంసన్ సీడ్‌లెస్ రకం ద్రాక్ష గుత్తులను జిబ్బరెల్లిన్ ద్రావణంలోనే ముంచుతాడు, గింజలేని కాయ లావెక్కడానికి.