మేస్త్రీ ఒంటి కన్ను

మా వీధిలో రోడ్డు అంచున కర్బు రాళ్లు వేస్తున్నారు. మేకులకి దారం లాగి కట్టారు, రసమట్టం పక్కనే ఉంది. అయినా మేస్త్రీ మోకాళ్ల మీద వంగి, చెంప రాయికి ఆనించినంత పని చేసి, ఒక కన్ను మూసి వరుస చివరిదాకా చూశాడు. "ఆరో రాయి తేలింది, ఒక దెబ్బెయ్" అని కేకేశాడు. దారం ఉందిగా అన్నాను.

"దారం నడుమ దిగుద్ది సార్."

ఇంటికొచ్చి లెక్క వేశాను. మీటరుకు అర గ్రాముండే నైలాన్ దారాన్ని 20 మీటర్ల దూరంలో రెండు కిలోల బలంతో బిగిస్తే నడుమ 12 మిల్లీమీటర్లు దిగుతుంది! దూరం సగం చేస్తే దిగేది నాలుగో వంతే, 3 మిల్లీమీటర్లు. మధ్యలో ఇంకో మేకు కొట్టేది అందుకే.

మరి అంత వంగడం దేనికి? రాళ్ల వరుసని పక్కనుంచి చూస్తే, మూడు మీటర్ల పొడవునా మెల్లగా లేచి దిగే సెంటీమీటరు గూని ఎవరి కంటికీ ఆనదు. కొస నుంచి చూస్తే పొడవు నలిగిపోతుంది, ఎత్తు నలగదు. ఎన్ని రెట్లు నలుగుతుందంటే, దూరాన్ని కంటి ఎత్తుతో భాగించినన్ని. నిలబడితే కన్ను రాయికి మీటరున్నర పైన ఉంటుంది. 10 మీటర్ల అవతలి రాయి దగ్గర ఏడు రెట్లు కూడా రాదు. కన్నుని జానెడు ఎత్తుకి దించండి, 50 రెట్లు! మూడు మీటర్ల గూని ఆరు సెంటీమీటర్లలోకి ముడుచుకుని బొడిపెలా పైకి లేస్తుంది. వడ్రంగి బద్దని కంటి దగ్గర పెట్టుకుని వంకర చూసేదీ ఇలాగే.

పైగా, రెండు గీతలు కలిశాయా తప్పాయా అన్నది పట్టడంలో కన్ను మహా గడుసుది. విడివిడి చుక్కల్ని గుర్తించాలంటే వాటి మధ్య కోణం డిగ్రీలో అరవయ్యో వంతు ఉండాలి. గీత తప్పడాన్ని అందులో పదో వంతు ఉన్నా పట్టేస్తుంది. కంటి వెనక తెర రెటీనాలో వెలుగుని పట్టే కోన్ కణాల మధ్య ఎడం కన్నా ఇది తక్కువ. రెండు స్కేళ్ల గీతల్లో ఏవి కలిశాయో చూసి సన్నటి కొలతలు తీసే వెర్నియర్ స్కేలు పనిచేసేది ఈ నేర్పు మీదే. ఇంటర్‌లో మాతో రికార్డులు నింపించారే గానీ, ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

అయితే కన్ను చెప్పేది నునుపు సంగతే, మట్టం సంగతి కాదు. లేహ్-కార్గిల్ రోడ్డులో 'మ్యాగ్నెటిక్ హిల్' దగ్గర ఇంజిన్ ఆపి వదిలేసిన బళ్లు వాటంతటవే ఎత్తుకి ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి. అయస్కాంతమూ లేదు, మహిమా లేదు. చుట్టూ కొండల వాలు చూసి కన్ను పల్లాన్ని మెరక అనుకుంటుంది. ఈశాన్యం పల్లంగా ఉందని వాకిట్లో నిలబడి తేల్చేసే వాస్తు పండితులు ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూస్తే మంచిది.

మేస్త్రీకి ఈ తేడా తెలుసు. వరుస కంటితో సరిచేశాక, కాలువ వైపు వాటం చూడ్డానికి, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టాన నిలిచే నీళ్ల పైపు తెప్పించాడు. బుడగలు పోయేదాకా దాన్ని తట్టి, ఒక కొస నా చేతికిచ్చి, కదలకుండా పట్టుకోమన్నాడు.