ఏ కంపెనీ రంపం కొనాలి? పర్లాకిమిడి మరమ్మతు బల్ల దగ్గర వినపడే అపోహలు, అసలు సంగతులు

పర్లాకిమిడిలో కరెంటు పనిముట్లు బాగుచేసే బల్ల ముందు కూర్చునే నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "చెక్క కోసే గుండ్రటి బ్లేడు కరెంటు రంపం కొనాలి, బాష్ కంపెనీది మంచిదా, మకితా కంపెనీది మంచిదా?" అడిగేవారిలో వృత్తి వడ్రంగులు తక్కువ. వాళ్లకు ఏది కావాలో వాళ్లకు తెలుసు. ఇంటికి కావలసిన బల్లలు, అరలు సొంతంగా చేసుకోవాలని సరదాపడే మాస్టార్లు, రిటైరైన ఉద్యోగులు ఎక్కువ. ఇక్కడ కొట్లకు ఒడియా బోర్డులు, సరిహద్దు దాటి పాతపట్నం వెళితే తెలుగు బోర్డులు. అపోహలు మాత్రం రెండు పక్కలా ఒకటే.

అపోహ: పేరున్న కంపెనీ రంపం కొంటే కోత దానంతట అదే నున్నగా వస్తుంది.

చెక్కను తాకేది కంపెనీ పేరు కాదు, బ్లేడు. యంత్రం కొన్నప్పుడు పెట్టెలో వచ్చే బ్లేడుకు చాలాసార్లు 24 పళ్లే ఉంటాయి. టేకు పలకను ఈనె వెంబడి నిలువుగా చీల్చడానికి అది బాగా పనికొస్తుంది. అదే బ్లేడుతో సన్‌మైకా అంటించిన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోస్తే అంచు పొడవునా పెచ్చులు లేస్తాయి. అప్పుడు యంత్రాన్ని తిట్టుకుంటూ నా దగ్గరకు తెస్తారు. అదే యంత్రానికి 60 పళ్ల బ్లేడు బిగించి వాళ్ల ముందే కోసి చూపిస్తే గొడవ ముగుస్తుంది. అన్ని పనులకూ ఒకటే బ్లేడు కావాలంటే 40 పళ్లది తీసుకోండి. నడిమి రంధ్రం కొలత మీ యంత్రానికి సరిపోవాలి. బ్లేడు మీద అచ్చువేసిన గరిష్ఠ వేగం యంత్రం వేగం కన్నా ఎక్కువ ఉండాలి.

ఇంకో మాట. టేకులో ఇసుకకు మూలమైన సిలికా ఉంటుంది, అది పళ్ల పదును తినేస్తుంది. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికిన పళ్లుండే బ్లేడే కొనాలి. అయితే మొద్దుబారిందని పక్కన పడేసిన బ్లేళ్లలో చాలావాటికి పదును పోయి ఉండదు. పళ్ల పక్కల నల్లటి జిగురు అట్టకట్టి ఉంటుంది, అంతే. ప్లగ్గు పీకి, బ్లేడు విప్పి, కిరసనాయిలు అద్దిన పాత టూత్ బ్రష్షుతో రుద్దితే కింద మెరిసే పన్ను కనపడుతుంది. తుడిచి, బాగా ఆరనిచ్చి బిగించండి. కొత్త బ్లేడు డబ్బు మిగులుతుంది.

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే రంపం అంత బలమైనది.

యంత్రానికి అతికించిన ప్లేటు మీద రాసిన వాట్లు అది లాక్కునే కరెంటు లెక్క. బ్లేడు దగ్గరికి చేరే బలం అంతకన్నా బాగా తక్కువ, మిగతాది వేడిగా పోతుంది. అంగుళం పలక కోసే ఇంటి పనిలో 1200 వాట్లకూ 1400 వాట్లకూ తేడా చేతికి తెలియదు. ఏడంగుళాల బ్లేడుండే రంపం మీద 1800 వాట్లని రాసి, సగం ధరకు అమ్మే ఊరూపేరూ లేని యంత్రాలను నమ్మకండి. ఆ అంకె రాయడానికి రంగు తప్ప ఖర్చు లేదు.

మన పక్క అసలు చూసుకోవలసింది వోల్టేజీ. దీపాలు మసకబారే సాయంత్రం వేళ రంపం తిప్పితే మోటారు నెమ్మదిస్తుంది. కోత సాగడం లేదని మనం ఇంకా గట్టిగా తోస్తాం. కరెంటు ఎక్కువ లాగుతుంది. మోటారును చల్లబరిచే ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి గాలీ తగ్గుతుంది. ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే రాగి తీగల చుట్ట, మాడేది ఇలాగే. దీనికి తోడు సన్నటి తీగల ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాన్నీ చుట్ట విప్పకుండానే వాడటం. 1400 వాట్ల రంపం 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు లాగుతుంది. దానికి కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కావాలి, పెరటి చివరిదాకా లాగాలంటే 2.5. వాడేటప్పుడు చుట్ట పూర్తిగా విప్పండి.

అపోహ: రాళ్లు, టైల్సు కోసే మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగిస్తే అదే రంపం. వేరే కొనడం దండగ.

ఈ ఒక్క మాట దగ్గర నేను మొహమాటపడను. మన పక్క చాలామంది మేస్త్రీలు ఇలాగే చేస్తారు, నిజమే. చౌక, తేలిక, ఒంటి చేత్తో పట్టుకోవచ్చు. కానీ రెండు యంత్రాల తయారీ చూడండి. నాలుగంగుళాల కట్టర్ నిమిషానికి 12,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతుంది. ఏడంగుళాల రంపం తిరిగేది 5,000 నుంచి 5,500 మాత్రమే. బ్లేడు చిన్నదైనా అంచు వేగం లెక్కకడితే కట్టర్‌ది సెకనుకు 70 మీటర్ల దరిదాపు, రంపానిది 50 దరిదాపు. రాతికి వాడే వజ్రపు బ్లేడుకు పళ్లు లేవు, అది రాతిని అరగదీస్తుంది. చెక్క బ్లేడు పన్ను కొరుకుతుంది. కొరికే పన్ను చెక్కలో బిగుసుకుంటే యంత్రం వెనక్కి తన్ని మనిషి మీదికి వస్తుంది.

అలాంటప్పుడు కాపాడటానికి రంపానికి కింద స్ప్రింగు డొప్ప ఉంటుంది. చెక్క మీద నుంచి తీయగానే టక్కున బ్లేడును కప్పేస్తుంది. కట్టర్‌కు పైన మూత తప్ప కింద ఏమీ లేదు. చాలా కట్టర్లకు స్విచ్చు లాక్ కూడా ఉంటుంది, చేయి జారినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. పైగా అది కోసే లోతు 34 మిల్లీమీటర్ల దరిదాపు, మంచం కోడుకు చాలదు. ఇనుము కోసే చేతి గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించేవారి సంగతి ఇక చెప్పను.

మంచి రంపమైనా తన్నవచ్చు. సరిగ్గా ఆరని సాల చెక్కను నిలువుగా కోస్తుంటే వెనక కోత మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. యంత్రం ఆపి, ఆ చీలికలో ఒక కొస పలచగా చెక్కిన చిన్న చెక్క ముక్క దూర్చి మళ్లీ మొదలుపెట్టండి. బ్లేడు చెక్క కిందికి ఒక పన్నంత దిగితే చాలు. మీరు బ్లేడుకు సూటిగా కాకుండా ఒక పక్కకు నిలబడండి.

అపోహ: కంపెనీలన్నీ దేనికది వేరు, ఒకటి బాగుంటే రెండోది చెత్త.

డివాల్ట్, స్టాన్లీ, బ్లాక్ అండ్ డెకర్ మూడూ ఒకే కంపెనీవి. డివాల్ట్‌ను బ్లాక్ అండ్ డెకర్ 1960లోనే కొనేసింది. బ్లాక్ అండ్ డెకర్, స్టాన్లీ 2010లో కలిసిపోయాయి. హిటాచీ రంపాలు 2018 నుంచి హైకోకి పేరుతో వస్తున్నాయి. పాత ఆకుపచ్చ హిటాచీ ఇంట్లో ఉన్నవారు విడిభాగాలు అడిగేటప్పుడు ఈ పేరు చెప్పాలి. ఒకే కంపెనీలోనూ ఇంటి వాడకానికి ఒక వరస, వృత్తివాళ్లకు ఒక వరస ఉంటాయి. బాష్‌లో ఆకుపచ్చది ఇంటికి, నీలం పనివాళ్లకు. కాబట్టి కంపెనీతో కంపెనీని కాదు, వరసతో వరసను పోల్చాలి.

అపోహ: 20 వోల్టుల బ్యాటరీ రంపం 18 వోల్టులదాని కన్నా గట్టిది.

రెండింట్లోనూ ఉన్నవి వరసగా ఐదు లిథియం సెల్లులే. ఒక్కోటి 3.6 వోల్టులు, మొత్తం 18. నిండా ఛార్జి చేసిన క్షణంలో కొలిస్తే 20 దాటి చూపిస్తుంది, అందుకే 20 అంకెను పెట్టె మీద వేస్తారు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకోదానికి ఎక్కదు. ముందు కొన్న డ్రిల్లు ఏ కంపెనీదో, బ్యాటరీ రంపం కూడా అక్కడే చూసుకోవడం తెలివైన పని.

అపోహ: రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే అది డూప్లికేట్, షాకు కొడుతుంది.

ప్లేటు మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉందేమో చూడండి. అది రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నదానికి గుర్తు, దానికి ఎర్తు పిన్ను అక్కర్లేదు.

అపోహ: గ్యారంటీ ఉంది కదా, ఏదైతేనేం?

కార్బన్లు (తిరిగే ఆర్మేచర్‌కు ఆనుకుని కరెంటు అందించే చిన్న ముక్కలు), బ్లేళ్లు అరిగిపోయే వస్తువులు, గ్యారంటీ వాటికి మామూలుగా వర్తించదు. ఇంట్లో రంపం ఆగిపోవడానికి తరచూ కారణం కార్బన్లే. అరిగి పొట్టివైతే సరిగా ఆనవు, నిప్పురవ్వలు ఎగురుతాయి. అప్పుడే మారిస్తే వందా రెండు వందలతో పోతుంది. అలాగే తిప్పితే ఆర్మేచర్ కొసన ఉన్న రాగి పట్టీలు నల్లబడి గుంటలు పడతాయి. మూత తీయగానే మాడిన వార్నిషు వాసన వస్తే ఆర్మేచర్ మార్చాల్సిందే, దాని ఖరీదు కొన్నిసార్లు యంత్రంలో మూడో వంతు.

అందుకే కొనే ముందు కొట్టువాడిని ధర కన్నా ముందు, ఈ మోడల్‌కు కార్బన్లు మీ దగ్గర ఉన్నాయా, ఆర్మేచర్ ఎక్కడ దొరుకుతుంది అని అడగండి. బరంపురంలోనో విశాఖపట్నంలోనో దొరికితే సరే. పేరు కూడా పలకని కంపెనీదైతే ఎంత చౌకైనా వదిలేయండి. నా మట్టుకు నేను పర్లాకిమిడి ఇళ్లకు చెప్పేది బాష్ లేదా మకితా ఏడంగుళాల రంపం, బ్యాటరీది కాదు, కరెంటు తీగతో నడిచేది. వాటికి ప్రత్యేకమైన మహిమ ఏదీ లేదు, భాగాలు దొరుకుతాయి. రెండింటిలో ఏది చేతికి ఒదిగితే అది తీసుకోండి. కొట్లో ఎత్తి పట్టుకుని చూడనివ్వకపోతే ఇంకో కొట్టుకు వెళ్లండి.

అపోహ: రంపపు పొట్టే కదా, మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలు.

చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కంటికి కనపడే పొట్టు కన్నా కనపడని సన్నటి దుమ్మే ప్రమాదం, అది తువ్వాలులోంచి దూరిపోతుంది. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు రంపంతో పాటే కొనండి. కోత ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా పెట్టుకోండి.