అటకెక్కిన రకూన్ సంసారం

రకూన్ అంటే కళ్ల చుట్టూ నల్లటి గంతలు, తోక మీద చారలు ఉండే అమెరికా అడవి జంతువు. న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా అటక మీద రకూన్ పిల్లలు ఉన్నాయి, రాత్రంతా ఒకటే గోల. బోను పెట్టి తల్లిని పట్టించేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. పట్టించమంటారా?"

వద్దండి. తల్లి పోతే పాలు తాగే పిల్లలు పైనే ఆకలితో చస్తాయి. పాపం సంగతి అటుంచండి, ఆ కంపుకి మీరు ఇంట్లో ఉండలేరు. పైగా రేబిస్ పాకుతుందన్న భయంతో, రకూన్‌ని పట్టి వేరేచోట వదలడాన్ని అమెరికాలో చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు.

తల్లి చేతే ఇల్లు ఖాళీ చేయించాలి. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారే, రకూన్‌దీ అదే వరస. చెట్టు తొర్ర, పొగగొట్టం, పాత షెడ్డు అంటూ వేరే చోట్లు ముందే చూసి పెట్టుకుంటుంది. ఇక్కడ లాభం లేదనిపించిందా, చీకటి పడ్డాక పిల్లల్ని మెడ వెనక తోలు పట్టుకుని ఒక్కొక్కటిగా మోసుకుపోతుంది. కాబట్టి మనం చేయాల్సిందల్లా దానికి మనశ్శాంతి లేకుండా చేయడమే. గూడు దగ్గర లైటు, ఆగకుండా మాట్లాడే రేడియో పెట్టండి.

అంతకంటే తమాషా అయిన ఆయుధం మగ రకూన్ వాసన. మగది పిల్లల్ని పెంచదు సరికదా, ఒక్కోసారి చంపుతుంది కూడా. పిల్లలు పోతే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు, మగదాని లెక్క అది. అందుకే మగ రకూన్ మూత్రంతో చేసిన ద్రవం బజార్లో అమ్ముతారు. గుడ్డకు పూసి గూడు దగ్గర పెడితే, చాలాసార్లు తల్లి సామాను సర్దేస్తుంది! పరిణామ సిద్ధాంతం పాఠంలో మన పిల్లలకు ఇలాంటివి చెబితే ఒక్కడూ నిద్రపోడు.

మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి వదిలేస్తుందని మన పల్లెల్లో కూడా అంటారు. రకూన్ వదలదు. అయినా ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. మిమ్మల్ని కరిచిందంటే రేబిస్ పరీక్ష కోసం దాన్ని చంపాల్సి వస్తుంది, ఎందుకంటే ఆ పరీక్ష మెదడు మీదే చేస్తారు.

అవి వెళ్లిపోయాయో లేదో తెలియాలంటే, తల్లి వచ్చిపోయే కన్నంలో న్యూస్‌పేపరు ఉండ చేసి వదులుగా కుక్కండి. రెండు మూడు రాత్రులు ఆ ఉండ కదలకుండా, లోపల చప్పుడు లేకుండా ఉంటేనే కన్నం మూయించండి.

ఆ తర్వాత పెంట సంగతి. అందులో బేలిసాస్కారిస్ అనే ఏలికపాము గుడ్లు ఉండొచ్చు. అవి బయటపడ్డ 2 నుంచి 4 వారాల్లో అంటించే దశకు వస్తాయి, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మన కడుపులోకి వెళ్తే లార్వాలు మెదడు దాకా పోగలవు. బ్లీచ్‌కి చావవు, మరిగే నీళ్లకు చస్తాయి. అటకలో చలి, వేడి ఆపడానికి పరిచిన దూదిలాంటి ఇన్సులేషన్ మీద మరిగే నీళ్లు పోయలేం కదా, పెంట పడిన మేరకు దాన్ని తీయించి పారేయించండి.