పాట లేనప్పుడే ఎక్కువ వేడెక్కే పెట్టె

చిట్టితల్లికీ, బుజ్జినాన్నకీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన ఫొటో పెద్దది చేసుకుని చూశాను. సోల్డరింగ్ చక్కగా కుదిరింది. రెండు మూడు చోట్ల మాత్రం సోల్డర్ కాలికి అంటకుండా ముద్దలా నిలబడింది, అక్కడ ఇంకోసారి ఐరన్ ఆనించండి. "ఇక ప్లగ్గు పెట్టేయమంటావా తాతయ్యా?" అని అడిగారు. ఇంకా పెట్టొద్దు. క్లాస్-ఎ యాంప్లిఫయర్ కట్టడం సగం పనే, సెట్ చేయడం మిగతా సగం. తొందరపడితే కాలిపోయేది ఈ రెండో సగంలోనే.

మీరు ఎంచుకున్న సర్క్యూట్ మీ అమ్మ కన్నా పెద్దది. జాన్ లిన్స్లీ హుడ్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1969 ఏప్రిల్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో దీన్ని ప్రచురించాడు. నాలుగే ట్రాన్సిస్టర్లు, 10 వాట్లు. ఇన్నేళ్లయినా జనం దీన్ని కడుతూనే ఉన్నారు. నేనూ ఇదే కట్టి నేర్చుకున్నాను. నాలుగు ట్రాన్సిస్టర్లే కాబట్టి ఏది ఏం చేస్తోందో వేలు పెట్టి చూపించవచ్చు, అందుకే నాకు ఇదంటే ఇష్టం.

క్లాస్-ఎ అంటే ఏమిటో ముందు చెబుతాను. మీరు మీటరులో చూడబోయే ప్రతి అంకె దాని నుంచే వస్తుంది.

శబ్దం ఒక ఊగులాట. వోల్టేజి సున్నాకు పైకి వెళ్తుంది, కిందికి వస్తుంది. ట్రాన్సిస్టర్ మాత్రం నీళ్ల కుళాయి లాంటిది. మూసి ఉన్న కుళాయిని ఇంకా మూయలేం కదా. అందుకని పాట మొదలు కాకముందే కుళాయిని సగం తెరిచి ఉంచుతాం. పాట పైకి వెళ్తే ఇంకాస్త తెరుచుకుంటుంది, కిందికి వస్తే కాస్త మూసుకుంటుంది, పూర్తిగా మాత్రం ఎప్పుడూ మూసుకోదు. పాట లేకపోయినా పారుతూ ఉండే ఆ కరెంటునే బయాస్ కరెంటు అంటారు. ఐడిల్ కరెంటు అనీ అంటారు, రెండూ ఒకటే.

మామూలు యాంప్లిఫయర్లు ఇలా పని చేయవు. ఇద్దరు మనుషులు చెరో వైపు పట్టుకుని దుంగను కోసే పెద్ద రంపం ఊహించుకోండి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు చేతులు వదులు చేస్తారు. బోలెడు శ్రమ మిగులుతుంది, కానీ రంపం దిశ మారే చోట క్షణం పాటు ఎవరి పట్టూ ఉండదు. సిలికాన్ ట్రాన్సిస్టర్ తెరుచుకోవాలంటే బేస్ అనే దాని కాలి మీద దాదాపు 0.6 వోల్టులు ఉండాలి. ఒకటి మూసుకుని రెండోది తెరుచుకునే లోపు అలలో చిన్న నొక్కు పడుతుంది. దాన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. ఆ నొక్కు పడేది సరిగ్గా సున్నా దగ్గర. మెల్లని శబ్దాలన్నీ ఉండేది కూడా సున్నా దగ్గరే. వీణ తీగ మీటిన తర్వాత నాదం సన్నబడుతూ పోయే చోట, పాడే మనిషి ఊపిరి తీసుకునే చోట చెవికి గరుకు తగులుతుంది. ఈ బాధ తగ్గించడానికి చాలా యాంప్లిఫయర్లలో కొద్దిపాటి బయాస్ ఇస్తారు, అది క్లాస్-ఎబి. క్లాస్-ఎలో ఇద్దరూ రంపాన్ని ఒక్క క్షణం కూడా వదలరు, కాబట్టి నొక్కు పడే అవకాశమే లేదు.

దానికి కట్టే మూల్యం వేడి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఈ సర్క్యూట్ 27 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది. గుణించి చూడండి: 32.4 వాట్లు. ఇది ఒక్క ఛానెల్‌కే, స్టీరియో అయితే రెట్టింపు. పాట ఉన్నా లేకపోయినా సప్లై నుంచి వచ్చేది దాదాపు ఇంతే. పాట గట్టిగా మోగుతుంటే అందులో కొంత స్పీకర్‌కు పోతుంది, ట్రాన్సిస్టర్లకు ఆ మేరకు వేడి తగ్గుతుంది. పాట ఆపేస్తే మొత్తం 32 వాట్లూ హీట్‌సింక్ మీదే, అంటే వేడిని గాలిలోకి వదిలే రెక్కల లోహపు దిమ్మె మీదే పడతాయి. అంటే నిశ్శబ్దంలోనే ఈ పెట్టె ఎక్కువ వేడెక్కుతుంది. మొదటిసారి ఈ సంగతి అర్థమైన రోజు నేను కాగితం మీద మూడుసార్లు లెక్క వేసుకుని చూసుకున్నాను.

హీట్‌సింక్ ఎంతుండాలో కళ్లతో అంచనా వేయొద్దు, లెక్క వేయండి. వాట్‌కు 1 డిగ్రీ అని రాసి ఉన్న హీట్‌సింక్ మీద 32 వాట్లు పడితే గది కన్నా 32 డిగ్రీలు పెరుగుతుంది. గది 30 డిగ్రీలు ఉంటే హీట్‌సింక్ 62. ఈ వేడి దాదాపు అంతా రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లదే, ఒక్కో దాని వాటా 16 వాట్లు. ఆ 2ఎన్3055 ట్రాన్సిస్టర్ లోపలి నుంచి దాని లోహపు ఒంటి దాకా వాట్‌కు ఒకటిన్నర డిగ్రీ, అంటే ఇంకో 24. ట్రాన్సిస్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్యలో కరెంటు దాటకుండా పెట్టే మైకా ముక్కకు ఇంకో 8 వేసుకోండి. లోపలి సిలికాన్ 94 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని హద్దు 200, కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు. ఫొటోలో మీ దగ్గరున్న హీట్‌సింక్ అరచేయంతే కనిపించింది. అది ఒక ఛానెల్‌కే చాలదు, పెద్దది వెతకండి. రెక్కలు నిలువుగా ఉండేలా బిగించండి, వేడి గాలి పైకి పోవడానికి దారి కావాలి.

ఇప్పుడు మైకా సంగతి. 2ఎన్3055 లాంటి టీవో-3 రకం ట్రాన్సిస్టర్‌కు లోహపు ఒళ్లే కలెక్టర్, అంటే కరెంటు లోపలికి వచ్చే కాలు. దాన్ని నేరుగా హీట్‌సింక్‌కు బిగిస్తే సప్లై వోల్టేజి హీట్‌సింక్ మీదకి వచ్చేస్తుంది. అందుకే మధ్యలో మైకా ముక్క, దానికి రెండు వైపులా పలచగా థర్మల్ పేస్ట్, స్క్రూలకు ప్లాస్టిక్ బుష్‌లు. నా మొదటి యాంప్లిఫయర్‌లో ఇవన్నీ పెట్టాను. కానీ డ్రిల్ చేసిన కన్నం అంచున సన్నటి లోహపు ముల్లు ఒకటి మిగిలిపోయింది, చేత్తో తడిమి చూసుకోలేదు. స్క్రూ బిగించగానే అది మైకాను గుచ్చుకుంది. పైగా ఫ్యూజు ఉండాల్సిన దాని కన్నా పెద్దది వేసి ఉన్నాను. ప్లగ్గు పెట్టిన మరుక్షణం ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొగ వచ్చింది. నెలల తరబడి డబ్బు దాచి కొన్న ట్రాన్స్‌ఫార్మర్ అది. మీకు అలా కాకూడదు. కన్నాల అంచులు పెద్ద డ్రిల్ బిట్‌తో చేత్తో తిప్పి నున్నగా చేయండి. బిగించాక ట్రాన్సిస్టర్ ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య మీటరుతో కంటిన్యుటీ, అంటే కరెంటుకు దారి ఉందో లేదో, చూడండి. బీప్ వినిపించకూడదు.

మెయిన్స్ వైపు, అంటే ఇంటి కరెంటు వైపు, వైరింగ్ అమ్మ గానీ నాన్న గానీ పక్కన ఉన్నప్పుడే. లోహపు పెట్టెకు ఎర్త్ వైరు తప్పనిసరి. పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు తీసేశాక కూడా చార్జ్ పట్టుకుని ఉంటాయి, మీటరు సున్నాకు దగ్గరగా చూపించే దాకా లోపల చేయి పెట్టొద్దు.

సరే, కరెంటు ఇచ్చే ముందు చేయాల్సినవి. స్పీకర్ ఇప్పుడే తగిలించకండి. దాని బదులు 8 ఓమ్‌లు, 20 వాట్ల రెసిస్టర్ పెట్టండి. ఇన్‌పుట్ వైరును గ్రౌండ్‌కు కలిపేయండి. మీ బోర్డులో రెండు ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్లు) ఉన్నాయి కదా, ఒకటి మధ్య వోల్టేజికి, ఇంకొకటి కరెంటుకు. కరెంటు ప్రీసెట్‌ను తక్కువ కరెంటు వచ్చే చివరికి తిప్పి ఉంచండి. సప్లై దారిలో 0.1 ఓమ్ రెసిస్టర్ ఒకటి ఉంది, దాని మీద వోల్టేజి చూస్తే కరెంటు తెలిసిపోతుంది. 1.2 ఆంపియర్లకు 120 మిల్లీవోల్టులు. మీటరును ఆంపియర్ల మీద పెట్టి సప్లైకి సీరీస్‌లో కలిపే పద్ధతి నాకు నచ్చదు. తర్వాత వోల్టేజి చూసేటప్పుడు ప్రోబ్ పాత సాకెట్‌లోనే మర్చిపోతాం, అప్పుడు మీటరే షార్ట్ అవుతుంది.

మొదటిసారి మెయిన్స్‌ను 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ద్వారా సీరీస్‌లో ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు పూర్తి కాంతితో వెలిగి అలాగే ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసేయండి. మసగ్గా వెలుగుతుంటే భయం లేదు. క్లాస్-ఎ ఎప్పుడూ కరెంటు తాగుతూనే ఉంటుంది కాబట్టి మామూలు యాంప్లిఫయర్‌లో లాగా బల్బు పూర్తిగా ఆరిపోదు. ఇది తెలియక చాలామంది టెన్షన్ పడి బాగున్న బోర్డును విప్పేస్తారు. ఇంకో మాట, బల్బు ఉన్నంతసేపు సప్లై వోల్టేజి తక్కువగా ఉంటుంది. అప్పుడు చేసిన సెట్టింగ్ లెక్కలోకి రాదు. షార్ట్ లేదని తేలాక బల్బు తీసేసి, సరైన ఫ్యూజుతో నేరుగా ఇవ్వండి.

మొదట మధ్య వోల్టేజి. రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కలిసే చోట 27లో సగం, అంటే 13.5 వోల్టులు రావాలి. అప్పుడే అల పైకీ కిందికీ సమానంగా ఊగగలదు. అక్కడి నుంచి స్పీకర్‌కు వెళ్లే దారిలో ఒక పెద్ద కెపాసిటర్ ఉంది. దాని ప్లస్ కాలు యాంప్లిఫయర్ వైపు ఉందో లేదో ఇంకోసారి చూడండి. ఆ 13.5 వోల్టులు స్పీకర్ దాకా పోకుండా ఆపేది అదే. పోతే 22 వాట్ల పైగా డీసీ కాయిల్‌ను మాడ్చేస్తుంది. 2200 మైక్రోఫారడ్‌లు వేశారు, మంచిదే. 8 ఓమ్‌లతో కలిసి అది 9 హెర్ట్జ్ దగ్గర నుంచి కోత మొదలుపెడుతుంది, మృదంగం గుమ్కీకి ఏ లోటూ రాదు.

తర్వాత కరెంటు. మీరు తొందరపడతారని నా భయమంతా ఇక్కడే. చల్లగా ఉన్నప్పుడే 120 మిల్లీవోల్టులు పెట్టేసి మూత బిగించకండి. ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ తెరుచుకోవడానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది, దాని గెయిన్ (కరెంటును పెంచే శక్తి) కూడా పెరుగుతుంది. అంటే మీరు ముట్టుకోకపోయినా కరెంటు పైకి పాకుతుంది. కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే కరెంటు ఇంకా పెరుగుతుంది. హీట్‌సింక్ చిన్నదైతే ఈ గొలుసు ఎక్కడా ఆగదు, చివరికి ట్రాన్సిస్టర్ పోతుంది. పెద్దదైతే కొంతసేపటికి ఒక చోట నిలబడుతుంది. ఆ నిలబడిన చోటే మీరు సెట్ చేయాల్సింది.

అందుకని 80 మిల్లీవోల్టుల దగ్గర మొదలుపెట్టండి. పది నిమిషాలు ఆగి చూడండి, ఎంత పాకిందో పుస్తకంలో రాసుకోండి. 100కి తెచ్చి మళ్లీ పది నిమిషాలు ఆగండి. కరెంటు మార్చినప్పుడల్లా మధ్య వోల్టేజి కాస్త జరుగుతుంది, దాన్ని 13.5కి తెచ్చి మళ్లీ కరెంటు చూడండి. చిన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుక వాసి తిప్పినా చాలు. ఇలా 120కి చేరాక అరగంట అలాగే వదిలేయండి. ఆ అరగంటా గదిలోనే కూర్చోండి, బయటికి పోవద్దు. మూత పెడితే లోపలి వేడి మారుతుంది కాబట్టి చివరిసారి మూత మూసి ఇంకో అరగంట ఉంచి, తెరిచిన వెంటనే చూసుకోండి. అప్పటికి హీట్‌సింక్ మీద చేయి రెండు మూడు సెకన్ల కన్నా ఆనించలేరు. అది లోపం కాదు. కానీ థర్మామీటరు 70 దాటితే ఆపేయండి.

లెక్క ప్రకారం రావాల్సిన దాని కన్నా వేడి బాగా ఎక్కువగా ఉండి, చేయి దగ్గరికి తెచ్చినప్పుడల్లా మీటరు అంకెలు మారుతుంటే బోర్డు చెవికి అందనంత పైస్థాయిలో తనంతట తానే ఊగుతోందన్నమాట. పాత 2ఎన్3055లు నెమ్మదైనవి, ఇప్పుడు దొరికేవి చురుకు, ఆ చురుకుదనం వల్లే ఇలా అవుతుంది. బేస్‌కు వెళ్లే వైర్లు పొట్టిగా చేయండి. అవుట్‌పుట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సీరీస్‌లో పెట్టి చూడండి. చాలాసార్లు దాంతో సర్దుకుంటుంది.

స్పీకర్ తగిలించాక 'గుయ్' మని వినిపిస్తే నిరుత్సాహపడొద్దు, అది దాదాపు అందరికీ వస్తుంది. ముందు ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు కలిపి చూడండి. ఆగిపోతే దోషం ఇన్‌పుట్ వైరులో ఉంది, షీల్డ్ ఉన్న వైరు వాడండి. ఆగకపోతే సప్లైలో గానీ గ్రౌండ్ వైరింగ్‌లో గానీ ఉంది. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే కెపాసిటర్ సెకనుకు 100 సార్లు నిండుతుంది. మధ్యలో మీ యాంప్లిఫయర్ 1.2 ఆంపియర్లు తాగుతూనే ఉంటుంది కాబట్టి 10,000 మైక్రోఫారడ్‌లు ఉన్నా లెక్క ప్రకారం 1.2 వోల్టుల అల మిగులుతుంది. కెపాసిటర్ తర్వాత ఒక ట్రాన్సిస్టర్‌తో కెపాసిటెన్స్ మల్టిప్లయర్ కట్టుకుంటే ఆ అల బాగా అణుగుతుంది. అది మూడు నాలుగు వోల్టులు తినేస్తుంది, ఆ మేరకు ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వోల్టేజిది తీసుకోవాలి. దాని బొమ్మ వేసి ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను.

గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలపండి. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ నుంచి కెపాసిటర్‌కు వెళ్లే వైరులో కరెంటు దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఇన్‌పుట్ గ్రౌండ్‌ను ఆ వైరు మీద ఎక్కడో అతికిస్తే ఆ దెబ్బలన్నీ పాటలో కలుస్తాయి. దాన్ని విడిగా తీసుకెళ్లి కలిసే చోటే కలపండి.

ఇవన్నీ అయ్యాక గట్టిగా మోగే పాట పెట్టకండి. ఒకే గొంతు, ఒకే తంబురా ఉన్నదేదైనా పెట్టి, పక్కవారి మాట వినిపించేంత మెల్లగా వినండి. ఈ యాంప్లిఫయర్ తేడా ఆ మెల్లదనంలోనే తెలుస్తుంది.

విన్నాక నాకు మూడు అంకెలు రాసి పంపండి: మూత మూసి అరగంట గడిచాక మధ్య వోల్టేజి ఎంత, 0.1 ఓమ్ మీద ఎన్ని మిల్లీవోల్టులు, హీట్‌సింక్ ఎన్ని డిగ్రీలు. గది ఎన్ని డిగ్రీలుందో కూడా పక్కనే రాయండి, అది లేకపోతే మూడో అంకెతో నేనేమీ చెప్పలేను.

మీ
తాతయ్య