బోరు పడిన రోజే అసలు పని మొదలు: ఆఫ్రికా పల్లెల తాగునీటిపై అపోహలు - వాస్తవాలు

మలావీ పల్లెల్లో బోర్లు, చేతిపంపుల పనిలో ఉన్నాను. నేను సొంత ఊరికి వచ్చినప్పుడల్లా బంధువులు, మిత్రులు ఎంతో అభిమానంగా ఈ పని గురించి అడుగుతారు. ఆ మాటల్లో పదే పదే ఎదురయ్యే కొన్ని అపోహలకు ఇవి నా జవాబులు.

అపోహ: ఒక బోరు వేయిస్తే ఆ ఊరి దాహం తీరినట్టే.

వాస్తవం: 2009లో వెలువడిన లెక్కల ప్రకారం 20 ఆఫ్రికా దేశాల చేతిపంపుల్లో 36 శాతం పనిచేయడం లేదు. మలావీలో ఎక్కువగా కనిపించేది ఆఫ్రిడెవ్ పంపు. ఇక్కడే పుట్టిన మాల్దెవ్ పంపును మెరుగుపరుస్తూ 1980లలో దాన్ని తయారుచేశారు. ఊరివాళ్లే విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించుకోగలగాలన్నది దాని ఉద్దేశం. అందులో తరచూ అరిగేవి పిస్టన్ దగ్గరి రబ్బరు సీలు, హ్యాండిల్ దగ్గరి ప్లాస్టిక్ బుష్‌లు. రెండూ ఖరీదైనవి కావు. అయినా ఆ సీలు అమ్మే దుకాణం దగ్గర్లో లేకపోయినా, డబ్బు పోగుచేసే కమిటీ చెదిరిపోయినా పంపు నెలల తరబడి మూలపడుతుంది. అప్పుడు ఆడవాళ్లు దాంబో అనే చిత్తడి పల్లంలో తవ్విన చెలమ దగ్గరికే వెళ్తారు. అదే చెలమలో పశువులూ నీళ్లు తాగుతాయి.

కెన్యాలోని క్యూసో ప్రాంతంలో పంపు హ్యాండిళ్లలో చిన్న ట్రాన్స్‌మిటర్లు అమర్చి, పంపు ఆగితే మెకానిక్‌కు వెంటనే తెలిసే ఏర్పాటు చేశారు. అంతకుముందు సగటున 27 రోజులు పట్టిన మరమ్మతు మూడు రోజుల్లోపే అయిపోయింది. నన్నడిగితే, పది కొత్త బోర్లకు పెట్టే డబ్బులో కొంత ఇలాంటి మెకానిక్ జీతానికి పక్కన పెట్టాలి.

అపోహ: బోరు నీరు తేటగా ఉంటే నిర్భయంగా తాగవచ్చు.

వాస్తవం: నల్గొండ పేరు విన్న తెలుగువారికి ఇది వివరించనక్కరలేదు. ఇథియోపియా నుంచి టాంజానియా దాకా రిఫ్ట్ లోయలో చాలాచోట్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిపోతుంది. కంటికి కనబడదు, కాచినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే మన 'నల్గొండ పద్ధతి'ని ఇథియోపియా, టాంజానియాలలోనూ వాడి చూశారు. అయితే రోజూ సరిపడా మోతాదు కలపాలి, అడుగున పేరుకునే మడ్డిని జాగ్రత్తగా పారబోయాలి. అందుకే ఫ్లోరైడ్ లేని మరో నీటి వనరు దొరికే వీలుంటే ముందు దాన్నే వెతకాలంటాను.

అపోహ: పంపు దగ్గర మంచి నీరైతే ఇంట్లోనూ మంచి నీరే.

వాస్తవం: పంపు నీటిలో ఈ.కోలి (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) లేదని తేలిన ఊళ్లోనే ఇళ్లలోని కుండల్లో అది కనబడుతుంది. మూతలేని 20 లీటర్ల బకెట్‌ను నెత్తిన పెట్టుకుని నడవాలి, ఇంట్లో అందరూ అందులోనే కప్పు ముంచాలి. 2022లో మొదలైన కలరా మలావీలో 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. మూత, అడుగున కుళాయి ఉన్న డబ్బా, తగిన మోతాదులో క్లోరిన్, తాగే ముందు అరగంట ఆగడం చాలా కాపాడతాయి. నీరు బురదగా ఉంటే ముందు వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చయిపోతుంది.

అపోహ: ఊరివాళ్లకు తెలియదు, మనమే నేర్పాలి.

వాస్తవం: ఒక ఊళ్లో భూగర్భ జలాల సర్వే బోరుకు చూపిన చోటు శ్మశానపు చెట్లకు మరీ దగ్గరగా ఉందని, అక్కడికి నీళ్లకు ఎవరూ రారని ఒక పెద్దావిడ చెప్పింది. సర్వే మళ్లీ చేశాం. కొత్త చోట నీరు కొంచెం తక్కువే పడింది. కానీ ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికే అక్కడ బకెట్లు బారులు తీరుతున్నాయి.